శ్రీలంక చూసొచ్చా, ఈసారి గ్రీస్: తాబేళ్ళ దగ్గర వాలంటీరింగ్ అనుభవాలు

ఫారిన్ వెళ్ళి వాలంటీరింగ్ చేస్తాను అంటే మా ఇంట్లో మొదట అడిగింది జీతం ఎంతిస్తారు అని, ఇవ్వరు, తిరిగి మనమే కొంత కట్టాలి అని చెప్పేసరికి మా పిన్ని "డబ్బులిచ్చి మరీ చాకిరీ చేయడమేంటే" అంది. నిజానికి అది మంచి ప్రశ్న. ఎక్కడికి వెళ్ళాలో వెతికేటప్పుడు అందరూ అడగాల్సింది కూడా అదే, నేను కట్టే డబ్బు ఎటు పోతోంది, నేను చేసే పని వల్ల ఎవరికి మేలు అని. ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పే చోటుకే వెళ్ళాలని నాకు గట్టిగా అనిపించింది శ్రీలంక వెళ్ళొచ్చాకే.

ముందు మన ఊరి సంగతి చెప్పాలి. వైజాగ్‌లో ఉంటూ కూడా చాలామందికి తెలియదు, సంక్రాంతి టైమ్ నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన ఒడ్డుకే వచ్చి గుడ్లు పెడతాయి, ఆర్కే బీచ్, సాగర్ నగర్ దగ్గర జోడుగుళ్ళపాలెం, అటు భీమిలి వైపు. ఇసుకలో వదిలేస్తే కుక్కలు తవ్వేస్తాయి కాబట్టి గుడ్లు తెచ్చి కంచె వేసిన హేచరీలో పాతిపెడతారు. నేను తెల్లవారుజామున వెళ్ళి సాయం చేసేదాన్ని, అక్కడ కాపలా ఉండే మత్స్యకారుల తాత ఒకాయన "గుడ్డు తిప్పీకమ్మా, ఎలాగ తీసేవో అలాగే ఎట్టు" అని మొదటి రోజే చెప్పాడు, గుడ్డు పెట్టాక కొన్ని గంటలకే లోపల పిండం పైభాగానికి అతుక్కుంటుందట, తిప్పితే చచ్చిపోతుంది. గొయ్యి మోచెయ్యి దాటి లోతు ఉండాలి, పైన సన్నగా కింద కుండలా, అచ్చం తల్లి తవ్వినట్టే. ఒక్కో గూట్లో వందకి అటూ ఇటూ గుడ్లు, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు, ఇసుక వేడి ఎక్కువైతే ఆడవి, చల్లగా ఉంటే మగవి పుడతాయి. ఇది నేర్చుకున్నాకే బయటి దేశాల్లో ఎలా చేస్తారో చూడాలన్న కోరిక పుట్టింది.

శ్రీలంక ఎందుకంటే దగ్గర, ఖర్చు తక్కువ, పైగా అక్కడ ఐదు రకాల సముద్ర తాబేళ్ళు గుడ్లు పెడతాయి. వైజాగ్ నుంచి చెన్నై, అక్కడి నుంచి కొలంబో ఫ్లైట్ గంటన్నర కూడా పట్టదు. దిగే ఎయిర్‌పోర్ట్ కొలంబోలో ఉండదు, కటునాయకెలో ఉంటుంది, కాబట్టి రాత్రి ఫ్లైట్ అయితే కొలంబో దాకా పోకుండా పక్కనే ఉన్న నెగొంబోలో పడుకోవడం మంచిది, నేను ఒక చిన్న గెస్ట్ హౌస్‌లో దిగాను, గది మామూలే గానీ ఆ ఇంటావిడ పొద్దున్నే ఇడియప్పం, పప్పు కూర, పోల్ సంబోల్ పెట్టింది, మన కొబ్బరి పచ్చడిలో ఎండు మిరపకాయలు, ఉల్లిపాయ, నిమ్మరసం దంచి కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంది, కారం తినే మనవాళ్ళకి తిండి గురించి బెంగే అక్కర్లేదు. ఆటోలకి పిక్‌మీ యాప్ వేసుకోండి, రేటు బేరం గొడవ ఉండదు. కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి గాలే వెళ్ళే రైలు సముద్రం పక్కనే పోతుంది, దక్షిణానికి వెళ్ళేటప్పుడు కుడివైపు కూర్చోవాలి, సెకండ్ క్లాస్ టికెట్ చాలు, కిటికీలు తెరిచే ఉంటాయి.

ఆ లైన్‌లోనే కోస్గొడ. అక్కడ హేచరీలు చాలా ఉన్నాయి, నేను వెళ్ళిన ఒకదాని గురించి చెప్తాను, పేరు చెప్పను. సిమెంట్ తొట్టెలు, ఒక తొట్టెలో నిన్న పుట్టిన పిల్లలు, ఇంకోదాంట్లో మూడు రోజులవి, ఇంకోదాంట్లో తెల్లగా ఉన్న ఆల్బినో తాబేలు. టికెట్ కొన్న ప్రతి టూరిస్టు చేతిలో పిల్లని పెట్టి ఫొటో తీయిస్తున్నారు. ఒక పిల్ల తొట్టె గోడకేసి ఈదుతూనే ఉంది, తగలడం, మళ్ళీ ఈదడం, అంతే. నాకు కడుపులో తిప్పినట్టయింది, ఎందుకంటే పుట్టిన మొదటి ఒకటి రెండు రోజులు పిల్లకి ఒంట్లో మిగిలిన పచ్చసొన శక్తి ఉంటుంది, ఆ శక్తితోనే ఆగకుండా ఈది లోతు నీళ్ళకి చేరాలి, తొట్టెలో పెడితే అదంతా గోడకే ఖర్చయిపోతుంది. వాలంటీర్లుగా వచ్చిన ఇద్దరు అమ్మాయిలు తొట్టెలు కడుగుతున్నారు, వారానికి బాగానే కట్టారట, ఆ డబ్బు దేనికి వాడతారని అడిగితే వాళ్ళకీ తెలియదు. అన్ని హేచరీలూ ఇలాగే అని నేను అనను, కానీ పుట్టిన పిల్లల్ని అదే రాత్రి లేదా తెల్లారేలోపు వదులుతారా అని అడగండి, తడబడితే అక్కడ నుంచి వచ్చేయండి.

రెకవ బీచ్ మాత్రం మనసు నింపేసింది. టంగల్లె ఊరికి తూర్పున, మాతర నుంచి బస్సులో వెళ్ళొచ్చు. అక్కడ 1990ల్లో టర్టిల్ కన్జర్వేషన్ ప్రాజెక్ట్ వాళ్ళు ఒక మంచి పని చేశారు, అంతకుముందు గుడ్లు తవ్వి అమ్ముకునే ఊరివాళ్ళకే జీతం ఇచ్చి గూళ్ళకి కాపలా పెట్టారు. గుడ్లని కదపరు, తల్లి ఎక్కడ పెడితే అక్కడే. రాత్రి చూడటానికి వెళ్తే ముందు చీకట్లో కూర్చోబెడతారు, గంటలు గంటలు, ఫోన్ లైట్ కూడా వేయనివ్వరు, తాబేలు గుడ్లు పెట్టడం మొదలయ్యాకే వెనక నుంచి తీసుకెళ్తారు. నాకు కనిపించింది పచ్చ తాబేలు, మన రిడ్లీలు చూసిన కళ్ళకి అది గున్న ఏనుగులా అనిపించింది, వెనక కాళ్ళతో ఇసుక విసిరితే నా మొహాన పడింది. తాబేలు రాకపోతే డబ్బులు దండగ అని పక్కన కొంతమంది గొణిగారు గానీ, రాకపోయినా ఆ టికెట్ డబ్బు కాపలా వాళ్ళకే పోతుంది, నాకది చాలు. బస టంగల్లెలో ఒక హోమ్‌స్టే, మన డబ్బుల్లో రోజుకి రెండు వేల లోపే, ఫ్యాన్ గది, దోమతెర, రాత్రి ఎంత ఆలస్యంగా వచ్చినా గేటు తీశారు, తాబేళ్ళ కోసం వెళ్ళేవాళ్ళకి అది ఏసీ కన్నా ముఖ్యం.

మధ్యలో ఒక ఏజెన్సీ వాళ్ళు కంబోడియాలో అనాథాశ్రమం ప్రోగ్రామ్ అని వెంటపడ్డారు, రెండు వారాలు పిల్లలకి ఇంగ్లిష్ చెప్పి మిగతా టైమ్ అంకోర్ వాట్ చూడమని. వద్దన్నాను. అక్కడ అలాంటి ఆశ్రమాల్లో చాలామంది పిల్లలకి అమ్మో నాన్నో బతికే ఉంటారు, వాలంటీర్ల డబ్బు కోసమే పిల్లల్ని అక్కడ ఉంచే చోట్లు ఉన్నాయి, ఆస్ట్రేలియా 2018లో తెచ్చిన ఆధునిక బానిసత్వ చట్టం విషయంలో దీని మీదే పెద్ద చర్చ జరిగింది. రెండు వారాలు ముద్దు చేసి వెళ్ళిపోయే అక్కలు వరసగా మారుతుంటే ఆ పిల్లల మనసు ఏమవుతుంది చెప్పండి. పిల్లలతో పని చేయాలనుంటే మన ఊళ్ళోనే ఏళ్ళ తరబడి చేయొచ్చు.

ఇక గ్రీస్. కోస్టారికా కూడా చూశాను, టోర్టుగేరోలో 1959 నుంచి తాబేళ్ళ పని నడుస్తోంది, కానీ మనకి భూగోళానికి అవతలి పక్క, టికెట్లకే సరిపోతుంది. గ్రీస్‌లో ఆర్కెలాన్ అని 1983లో మొదలైన సంస్థ, జకింథోస్, కిపారిసియా, క్రీట్ తీరాల్లో లాగర్‌హెడ్ తాబేళ్ళని చూసుకుంటుంది. నన్ను లాగింది ఏంటంటే వాళ్ళు దాచకుండా చెప్తారు: ఫీజు ఉంది, టెంట్, స్లీపింగ్ బ్యాగ్ మీరే తెచ్చుకోవాలి, క్యాంప్‌సైట్‌లో ఉండాలి, తెల్లారకముందే లేచి తీరం వెంట నడిచి జాడలు వెతికి గూళ్ళకి రక్షణ పెట్టాలి. తాబేలుని పట్టుకుని ఫొటో దిగండి అని ఎక్కడా లేదు! ఇంకో సంతోషం, మన దగ్గర సీజన్ అయిపోయాక అక్కడ మేలో మొదలై ఆగస్టు దాకా గుడ్లు పెడతాయి, అంటే ఇక్కడి పని వదలక్కర్లేదు. ఏథెన్స్ దగ్గర గ్లిఫాడాలో వాళ్ళ రెస్క్యూ సెంటర్ ఉంది, పాత రైలు పెట్టెల్లో పెట్టారు, వలలు తగిలీ పడవలు గుద్దీ గాయపడ్డ తాబేళ్ళకి వైద్యం చేస్తారు, తిరుగు ప్రయాణంలో అది తప్పకుండా చూడాలి, మన ఒడ్డుకి చచ్చి కొట్టుకొచ్చేవి చూసీ చూసీ బతికించే చోటు ఒకటి చూడాలని ఉంది.

పేపర్ల సంగతి. గ్రీస్‌కి కావాల్సింది షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా. దాని ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి, పాస్‌పోర్ట్ అక్కడి నుంచి బయల్దేరే తేదీ తర్వాత మూడు నెలలైనా చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, చివరి దాకా ఆగొద్దు. వేలిముద్రల కోసం నేను హైదరాబాద్ ప్రయాణం పెట్టుకున్నాను, రాత్రి రైలెక్కి పొద్దున్నే దిగి పని చూసుకుని మళ్ళీ రాత్రికి బయల్దేరేలా. వాలంటీరింగ్‌ని టూరిస్టు వీసాలో ఒప్పుకుంటారా లేదా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది, యూకేలో అయితే విజిటర్ వీసా మీద రిజిస్టర్డ్ చారిటీకి 30 రోజుల దాకా చేయొచ్చు, అందుకే సంస్థ నుంచి ఉత్తరం తీసుకుని కాన్సులేట్‌కి మెయిల్ పెట్టి రాతలో జవాబు తెప్పించుకోండి, ఏజెంట్ నోటి మాట నమ్మొద్దు. డబ్బు పెట్టలేనివాళ్ళు, ఉద్యోగ అనుభవం ఉన్నవాళ్ళు ఐక్యరాజ్యసమితి వాలంటీర్స్ చూడండి, వాళ్ళు జీవన భత్యం ఇస్తారు, పోటీ ఎక్కువే గానీ ప్రయత్నించాలి.

నాకు ఇంకా టెంట్ కొనడం మిగిలింది. మన ఉక్కపోతలో వాడే పల్చటివి అక్కడి సముద్రపు గాలికి నిలబడతాయా అని అనుమానం, గ్రీస్‌లో వేసవి క్యాంపింగ్ చేసినవాళ్ళెవరైనా ఉంటే ఇద్దరు పట్టే సైజులో ఏది తీసుకోవాలో చెప్పండి, రెడ్ లైట్ హెడ్‌టార్చ్ మాత్రం ఇప్పటికే తెప్పించేశా.