నాణేల వేలం సైటు: సరుకు నికరం, భాషే చిక్కు

"ఈస్టర్న్ గంగ, అనంతవర్మ చోడగంగ, ఏవీ ఫనం, ఓబీవీ బుల్, ఆర్ఈవీ అంకుశ, ఆర్‌వై, 0.4 గ్రా., ఎబౌట్ వీఎఫ్, ఆర్ఆర్." ఈ మధ్య ఒక ఆన్‌లైన్ వేలంలో వచ్చిన సరుకు వివరం ఇది. 1078లో పట్టానికొచ్చిన రాజుగారి బంగారు కాసు. ఆయన వంశం ఏలిన కళింగనగరం మన శ్రీముఖలింగమే అంటారు చరిత్రకారులు. మా నరసన్నపేటకి పక్కనే. అయినా ఆ వివరం చదివి ఇది ఇదీ అని చెప్పగలిగినవాళ్లు మా బజారులో నలుగురు ఉండరు.

నాది వెండిబంగారాల పని. పాత రూపాయలు, కాసులు చేతుల్లో ఆడుతూనే ఉంటాయి కాబట్టి ఈ వేలం సైట్లు చూడ్డం అలవాటైంది. ఈ సైటు పేరు రాయను, ఎందుకంటే అన్నిటి భాషా ఇంచుమించు ఇదే.

ముందు లోహం. ఏవీ అంటే బంగారం, ఏఆర్ అంటే వెండి, ఏఈ అంటే రాగి గానీ కంచు గానీ. లాటిన్ పేర్ల నుంచి తీసుకున్న పొట్టి అక్షరాలు. ఇక్కడే నాకు పేచీ. ఏఆర్ అని రాస్తారు, వెండి ఎంత శాతమో రాయరు. విక్టోరియా రాణి రూపాయిలో వెండి 91.7 శాతం, బరువు 11.66 గ్రాములు, అంటే మన పాత తులం. 1940 నుంచి 45 దాకా కొట్టిన రూపాయిల్లో సగమే వెండి. 1947 రూపాయి ఉత్త నికెల్. మొదటి రెండిటికీ ఏఆర్ అనే రాస్తారు. వెండి ధర చూసి పాట పెంచేవాడు ముందు సంవత్సరం చూడాలి, తర్వాతే అక్షరాలు.

ఓబీవీ, ఆర్ఈవీ అంటే బొమ్మా బొరుసూ. గంగుల కాసుకి ఒకవైపు పడుకున్న ఎద్దు, రెండోవైపు అంకుశం, 'స' అక్షరం, ఒక అంకె. ఆర్‌వై ఆ అంకెకి సంబంధించింది, రాజు పట్టాభిషేకం నుంచి లెక్కపెట్టిన ఏడు. దాన్ని క్రీస్తుశకం అనుకుని నాతో వాదించినవాళ్లున్నారు. ఆర్, ఆర్ఆర్, ఆర్ఆర్ఆర్ అన్నవి ఎంత అరుదో చెప్పడానికి. మూడు ఆర్‌లంటే మనవాళ్లకి ముందు వేరేది గుర్తొస్తుంది, అది వేరే సంగతి. ఈ అక్షరాలు అమ్మేవాడి అభిప్రాయం, అంతే. నేను వీటిని లెక్కలోకి తీసుకోను.

అసలు మోసపోయేది గ్రేడు దగ్గర. మా వీధిలో డిగ్రీ చదివే కుర్రాడు ఫోను పట్టుకుని వచ్చాడు. "మావయ్యా, గ్రేడ్ జీ అని ఉంది. జీ అంటే గుడ్, అంటే మంచిదే కదా?" కాదు బాబూ. ఈ వ్యాపారంలో గుడ్ అంటే బొమ్మ దాదాపు అరిగిపోయినది. దానికంటే కాస్త నయం వీజీ, ఆ పైన ఎఫ్, వీఎఫ్, ఎక్స్ఎఫ్, ఏయూ, చివరికి యూఎన్‌సీ, అంటే బజారులో తిరగనిది. బంగారం పనివాళ్లకి ఏయూ అనగానే బంగారం తోస్తుంది, ఇక్కడ అది 'దాదాపు వాడనిది' అని. 'ఎబౌట్ వీఎఫ్' అంటే వీఎఫ్‌కి కాస్త తక్కువ. ఎంఎస్ అన్నా బజారులో తిరగనిదే, దాని తర్వాత అంకె వేస్తే అది 70కి లెక్క. ఎంఎస్ 60 నుంచే మొదలవుతుంది కాబట్టి 62 అంటే ఫస్ట్ క్లాస్ మార్కులు కాదు, ఆ తరగతిలో కింది మెట్టు.

ఎన్‌జీసీ, పీసీజీఎస్ అనే అమెరికా సంస్థలు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి గ్రేడు ఇస్తాయి. డబ్బా మీద అంకె లేకుండా 'డీటెయిల్స్' అని ఉంటే ఆ నాణేనికి ఏదో జరిగిందని అర్థం. సాధారణంగా కడిగారనో, గీశారనో.

ఈ కడగడం గురించి కాస్త చెప్పాలి. మా పనిలో చింతపండు, కుంకుడు రసం పెట్టి తోమితే సరుకుకి విలువ వస్తుంది. నాణేల పనిలో అదే పని చేస్తే ధర సగానికి పడిపోవచ్చు. వివరంలో 'క్లీన్డ్' అన్న ఒక్క మాటే ఉంటుంది, చివర్లో, ఫొటోలో మాత్రం నాణెం తళతళలాడుతూ ఉంటుంది. 'టోన్డ్' అంటే నల్లబడ్డది. మనవాళ్లు దాన్ని చూసి మొహం తిప్పుకుంటారు, సేకరించేవాళ్లు దానికే ఎక్కువ పాడతారు.

ఇంకో మాట 'ఎక్స్-మౌంట్'. కాసులపేరుకో, మెళ్లో తాడుకో కొక్కెం అతికించి తర్వాత ఊడదీసినది. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఫొటోలో అంచు చూస్తే టంకం మచ్చ కనిపిస్తుంది. 'ప్లగ్డ్' అంటే చిల్లి పూడ్చినది. 'ష్రాఫ్ మార్క్' అంటే షరాబు వేసిన గుర్తు, ఒకప్పుడు మా బోటివాళ్లు నికరం చూడ్డానికి పెట్టిన గాటు. ఇవన్నీ కలిపి నేను గమనించింది ఒకటే. పొగిడే మాట పూర్తిగా, పెద్దక్షరాల్లో ఉంటుంది. తగ్గించే మాట పొట్టిగా, ఫుల్‌స్టాప్ ముందు ఉంటుంది. అబద్ధం మాత్రం రాయలేదు. అందుకే వివరాన్ని చివరి నుంచి మొదటికి చదవమని అందరికీ చెబుతున్నా.

1862 రూపాయి సంగతి విడిగా చెప్పాలి. ఆ సంవత్సరం పేరుతోనే 1874 దాకా కొట్టారు, వేరు చెయ్యడానికి చుక్కలు పెట్టారు. వివరంలో 'ఏ/2, 0/2' అని ఉంటే మొదటిది బొమ్మ రకం, బొరుసు రకం; రెండోది పైన చుక్కల్లేవు, కింద రెండున్నాయని. ఒక చుక్క తేడాతో ధర మారుతుంది. భూతద్దం లేకుండా ఈ రూపాయి జోలికి వెళ్లకండి.

డబ్బు లెక్క. పాట 4,000కి ఆగితే అది 'హ్యామర్'. దాని మీద బీపీ, అంటే కొనేవాడి కమిషన్. ఈ సైటులో 15 శాతం, 600. ఆ కమిషన్ మీద జీఎస్టీ 108. కొరియర్ 150. చేతికొచ్చేసరికి 4,858. పాట పెంచే బటన్ పక్కన ఈ మొత్తం చూపిస్తే వీళ్ల సొమ్మేం పోతుంది? నియమాల పేజీ అడుక్కి దిగితే గానీ కనపడదు. అక్కడే ఇంకోటి ఉంది: కలిపి అమ్మే గుత్తు సరుకు వాపసు తీసుకోరు. వందేళ్లు దాటిన నాణేన్ని 1972 పురావస్తువుల చట్టం ప్రకారం దేశం దాటించకూడదు, కాబట్టి అమెరికాలో ఉన్న మేనల్లుడికి పంపుదామని కొనకండి.

ప్యాకింగుకి వంక పెట్టను. అట్ట, మైనం కాగితం, పైన బిల్లు, బరువు నా త్రాసులో చూస్తే పాయింటు తేడా లేదు. ఫోను ఎత్తే అమ్మాయి తెలుగులోనే ఓపిగ్గా మాట్లాడింది. అక్షరాల పట్టిక తెలుగులో పెట్టమని అడిగితే ఇంగ్లీషుది పంపించింది. సరుకుకి నాలుగు స్టార్లు, భాషకి ఒకటి.