కడపలో రెండు రాత్రుల దెయ్యాల సినిమాలు

వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ నన్ను కడపలో దించేసరికి ఇంకా తెల్లారలేదు. డిసెంబరు చలి. ఆటో అతను నా బ్యాగు అందుకుంటూ, "యాడికన్నా, గండికోటకా, పెద్ద దర్గాకా?" అని అడిగాడు. దెయ్యాల సినిమాలు చూడ్డానికి వచ్చానని చెప్తే నా మొహం వైపు ఒకసారి చూసి, "ఓ, ఆ రేడియో వాళ్లవా! మా పాప కూడా పోతాంది రాత్రికి" అన్నాడు. ఊళ్లోవాళ్లకు ఈ సంగతి తెలుసన్నమాట. నా ప్రాణం కుదుటపడింది.

ఒక కమ్యూనిటీ రేడియో (చుట్టుపక్కల జనం కోసం నడిపే చిన్న ఎఫ్ఎం స్టేషన్) వాళ్లు తమ ఆవరణలోనే రెండు రాత్రుల పాటు హారర్ షార్ట్ ఫిలింల పండగ పెట్టారు. అన్నీ ఈ చుట్టుపక్కల పిల్లలు ఫోన్లతో తీసినవే. ఒక్కోటి 5 నుంచి 15 నిమిషాలు. పాత తెలుగు సినిమాలు తీసిన బి.ఎన్.రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములు ఈ జిల్లా వాళ్లే. వాళ్ల కాలంలో సినిమా తియ్యాలంటే మద్రాసు పోవాల్సిందే. ఇప్పుడు జమ్మలమడుగు పిల్లవాడు తన చేను గట్టు మీద నిలబడి తీస్తున్నాడు. ఆ మార్పు కళ్లారా చూడాలనే హైదరాబాదు నుంచి బయలుదేరాను.

ముందు బస సంగతి. ఆర్టీసీ బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాను, రోజుకు 1,400 రూపాయలు. ఫోన్లో 24 గంటలూ వేడినీళ్లు వస్తాయన్నారు, వచ్చాక చూస్తే ఉదయం 8 దాటితే రావు. దానికన్నా బాధపెట్టింది రాత్రి. సినిమాలు చూసి 12 గంటలకు తిరిగొస్తే షట్టరు దించేసి ఉంది. పావుగంట పిలిస్తే గానీ తియ్యలేదు. రాత్రి కార్యక్రమాలకు వెళ్లేవాళ్లు గది తీసుకునేటప్పుడే గేటు ఎన్నింటికి వేస్తారో అడగండి. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లయితే తప్పకుండా అడగాలి.

తిండికి మాత్రం కడపలో లోటు లేదు. పొద్దున్నే బండి మీద కారం దోసె తిన్నాను. పెనం మీదే ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి ఇస్తారు. మధ్యాహ్నం రాగి సంగటి, నాటుకోడి పులుసు, పక్కన చెనిక్కాయల (వేరుశనగ) ఊరిబిండి అనే పచ్చడి. ఆ పూట నిద్ర ఆపుకోవడం కష్టమైంది.

రేడియో స్టేషన్ అంటే పెద్ద భవనమేమీ కాదు. రెండు గదులు, ఒక స్టూడియో, ఒక టవరు, ముందు వేపచెట్టు. స్టూడియో గోడలకు గుడ్డలు, గుడ్డు అట్టలు అతికించి ప్రతిధ్వని ఆపుకున్నారు. ట్రాన్స్‌మిటర్ 50 వాట్లు, అందుకే సిగ్నల్ మహా అయితే 10, 15 కిలోమీటర్లు. మన దేశంలో ఇలాంటి స్టేషన్లకు 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు అనుమతి ఇచ్చారు. సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలు మాత్రం వినిపించవచ్చు. కార్యక్రమాల్లో సగమైనా స్థానికులతో కలిసి చేయాలి. స్టేషన్ చూసుకునే అక్క ఇదంతా చెప్పి, "వార్తలు చెప్పలేం గదా, కథలు చెప్తాం. కథల్లో జనం చెవి నిలిచేది దెయ్యం కథకే" అంది. పిల్లలకు ఏడాదిగా నేర్పింది కూడా ముందు శబ్దం రికార్డు చేయడమే. కెమెరా ఆ తర్వాత.

ఆ చదువు మొదటి రాత్రే తెలిసింది. ఒక సినిమాలో రైతు 900 అడుగులు వేసిన బోరు ఎండిపోయింది. మూత లేని కేసింగ్ పైపు, దాని పక్కన కూర్చున్న మనిషి చెవి, అంతే తెర మీద కనిపించేది. లోపల నుంచి నీళ్లు పారే చప్పుడు వస్తుంది. రాయి వేస్తాడు. అది అడుగుకు తాకిన చప్పుడు రాదు. మర్నాటి రాత్రి కింద నుంచి ఎవరో పైపును తడతారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన మెల్లగా, "మా చేన్లో ఇట్లాంటి గుంతలు నాలుగుండాయబ్బా" అన్నాడు. తెల్లచీర, విరబోసిన జుట్టు ఉన్న సినిమాలకు ఈ భయం రాదు. అలాంటివీ రెండు మూడు వేశారు. చెవులు పగిలేలా మ్యూజిక్ పెట్టి ఉలిక్కిపడేలా చేశారు, నాకు నచ్చలేదు.

రెండో రాత్రి సంగతి జీవితంలో మరచిపోను. నాపరాయి క్వారీలో కాపలా ఉండే మనిషి కథ అది. బండలు తీసేసిన గుంతలో నీళ్లు నిలిచి ఉంటాయి. అతను ఐదడుగులు వేసి ఆగుతాడు. ఆరో అడుగు వినిపిస్తుంది. మళ్లీ ఐదు, మళ్లీ ఆరోది. సరిగ్గా అక్కడ కరెంటు పోయింది. ప్రొజెక్టర్ ఆరిపోయింది గానీ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంది, స్పీకర్లు స్టూడియో యూపీఎస్ మీద ఉన్నాయి. బొమ్మ పోయి శబ్దం మిగిలింది. అక్క ఆపబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. చుట్టూ చీకటి. ఎవరూ ఫోన్ లైటు వేయలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరో అడుగు మా వెనకాల వేపచెట్టు దగ్గర నుంచి వచ్చినట్టే ఉంది. ఒక చిన్నపిల్ల "జేజీ" అని వాళ్ల అవ్వను గట్టిగా పట్టుకుంది. రెండు నిమిషాల తర్వాత కరెంటు వచ్చింది. అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

ఆ సినిమా తీసింది డిప్లొమా చదివే అబ్బాయి. ఆ అడుగుల చప్పుడు ఎక్కడిదని అడిగాను. "క్వారీలో గాలి ఎక్కువన్నా, మైకులో అంతా హోరే వచ్చాంది. గండికోట ధాన్యాగారంలో చెప్పులేసుకుని నడిచి రికార్డు చేసుకున్నా" అన్నాడు.

ఇంకొక సినిమా గురించి కూడా చెప్పాలి. అందులో తనలో తను మాట్లాడుకునే అమ్మాయికి గాలి సోకిందని వేపమండలతో కొడతారు. చివరికి దెయ్యం నిజమేనని తేలుతుంది. సినిమా అయ్యాక ఒక ఆశా కార్యకర్త మైకు అడిగింది. "మా పక్క ఊర్లో ఇట్లనే ఒక పాపను ఆర్నెల్లు మంత్రగాళ్ల చుట్టూ తిప్పినారు. అది జబ్బు. మందులేసుకుంటే ఇప్పుడు కుట్టుపని చేసుకుంటాంది. ఈ సినిమా సూసినోళ్లు మళ్లా తిప్పుతారు" అంది. ఆవరణ అంతా నిశ్శబ్దమైపోయింది. తీసిన అమ్మాయి కళ్లలో నీళ్లు. కాసేపటికి లేచి, రేడియోలో వినిపించేటప్పుడు ముగింపు మారుస్తానంది. థియేటర్లో ఈ మాట అడిగేవాళ్లు ఎవరు, వినేవాళ్లు ఎవరు? ఇక్కడ మైకు ఉంది, వినడం అలవాటైన మనుషులు ఉన్నారు.

ఏర్పాట్లలో లోపాలు లేకపోలేదు. రెండు రోజులూ 50 నిమిషాలు ఆలస్యం. ప్రొజెక్టర్ వెలుతురు చాలక రాత్రి సీన్లలో సగం నల్లగానే కనిపించాయి. ఆడవాళ్లకు ఒకటే బాత్రూం, రెండో రాత్రి అందులో నీళ్లు అయిపోయాయి. వచ్చే ఏడాదికి ఇది సరిచేసుకోవాలని అక్కతోనే చెప్పాను. చిన్నపిల్లలకు మధ్యాహ్నం వేరుగా షో పెట్టడం మంచి పని. అన్నిటికన్నా నేను మెచ్చుకున్నది, ఆట అయ్యాక ఆడవాళ్లను ఇళ్లకు చేర్చడానికి తెలిసిన ఆటోవాళ్లను ముందే మాట్లాడి పెట్టడం. మొదటి రోజు పొద్దున నన్ను రైల్వే స్టేషన్ నుంచి తెచ్చినతను కూడా అందులో ఉన్నాడు, కూతుర్ని, ఆమె స్నేహితులను ఎక్కించుకుంటూ. ప్రవేశం ఉచితం. హుండీలో ఎంత వేసినా తీసుకుంటారు.

మూడో రోజు పొద్దున్నే గండికోటకు బయలుదేరాను. కడప నుంచి 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది. జమ్మలమడుగు వరకు ఆర్టీసీ బస్సు, అక్కడి నుంచి సుమారు 15 కిలోమీటర్లు ఆటో. నా పాత ఫోన్లో ఎఫ్ఎం ఉంది. బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే రాత్రి జనం మాట్లాడిన మాటలే వేస్తున్నారు. ఆశా కార్యకర్త గొంతు వచ్చింది. ఆమె మాట పూర్తయ్యేలోపే సిగ్నల్ గరగరమని తెగిపోయింది.

గండికోటలో టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, టెంట్లు కూడా దొరుకుతాయి. శని, ఆదివారాలైతే ముందే బుక్ చేసుకోవాలి. నేను హరితలో ఉన్నాను. లాడ్జి తర్వాత ఆ ప్రశాంతత ఎంతో హాయిగా అనిపించింది. పెన్నా లోయ చూడ్డానికి పొద్దుపొడుపే మంచి సమయం. అంచున చాలాచోట్ల కంచె లేదు, పిల్లల చెయ్యి వదలకండి.

మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు చూసుకుని చివరికి ధాన్యాగారంలోకి వెళ్లాను. ఎవరూ లేరు. చెప్పులతోనే ఐదడుగులు వేసి ఆగాను. రాతి కప్పు కింద ఆ చప్పుడు తిరిగి తిరిగి నా వెనక్కే వచ్చింది. రెండో రాత్రి చీకట్లో విన్నది అదే.