పాత పెట్టీ కేసు, కొత్త ఉద్యోగం: తిరుపతిలో ఒక న్యాయవాది కార్యాలయం సేవపై నా అభిప్రాయం

తిరుపతి కోర్టుల దగ్గర ఒక పాత మేడ మొదటి అంతస్తులో ఉన్న న్యాయవాది కార్యాలయంలో నేను పొందిన సేవ గురించి రాస్తున్నాను. ఎప్పటిదో చిన్న కేసు ఉండి, ఇప్పుడు ఉద్యోగం కోసం బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు సిద్ధమవుతున్న వారికి ఇది ఉపయోగపడుతుంది.

2012 సంక్రాంతికి మా ఊరి మామిడి తోపులో పేకాడుతూ పోలీసులకు దొరికిన ఏడుగురిలో నేనొకడిని. అప్పుడు నాకు 21 ఏళ్లు. పుత్తూరు కోర్టులో తప్పు ఒప్పుకొని, 200 రూపాయల జరిమానా కట్టి, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరాను. పన్నెండేళ్ల తరువాత శ్రీసిటీలోని ఒక కర్మాగారంలో ఉద్యోగం ఖాయమైనప్పుడు, ‘మీకు ఎప్పుడైనా నేర నిర్ధారణ జరిగిందా’ అని అడిగే ఫారం ఇచ్చారు. జైలుకు పోలేదు కాబట్టి ‘లేదు’ అని రాయవచ్చనే అనుకున్నాను. అంతకుముందు వెళ్లిన ఒక కన్సల్టెన్సీ వారు 15,000 రూపాయలిస్తే రికార్డే లేకుండా చేయిస్తామన్నారు.

ఈ కార్యాలయంలోని పెద్ద వకీలు గారు నా మాట పూర్తిగా విని, ‘నాయనా, జరిమానా కట్టినావంటే నేరం రుజువైనట్టే. లేదని రాస్తే అది అబద్ధమవుతుంది’ అన్నారు. ఇన్నేళ్లు గడిస్తే చిన్న శిక్ష దానంతటదే చెరిగిపోతుందని చెప్పే సాధారణ చట్టం మన దేశంలో లేదని, డబ్బిచ్చి తీయించడమన్నది మోసమని చెప్పారు. జరిమానాకు బదులు ఆనాడు కోర్టు 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించి వదిలిపెట్టి ఉంటే, ఆ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం నేర నిర్ధారణ వల్ల వచ్చే అనర్హత ఏదీ నాకు అంటేది కాదట. ఆ రోజు కోర్టు వరండాలో ఈ ఒక్క మాట చెప్పే మనిషి మాలో ఎవరికీ లేకపోయాడే అని చాలా బాధ కలిగింది. ప్రభుత్వ ఉద్యోగాల విషయంలో 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును కూడా వివరించారు: అభ్యర్థి నిజమే రాయాలి, చిన్న వయసులో జరిగిన అల్ప నేరమైతే దాచినా యజమాని తన విచక్షణతో క్షమించవచ్చు, నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధం మాత్రం లేదు.

గుమస్తా గారు ఎస్.టి.సి. (సమ్మరీ ట్రయల్ కేసు, అంటే కోర్టులో క్లుప్తంగా విచారించే చిన్న కేసు) నంబరు వెతికించి, తీర్పు నకలుకు దరఖాస్తు పెట్టారు. పాత కాగితాల్లో చిత్తూరు జిల్లా అనీ, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక వచ్చిన నా ఆధార్‌లో తిరుపతి జిల్లా అనీ ఉండటాన్ని ఆయనే గమనించి, ఊరు ఒక్కటేనని వివరణలో రాయించారు. కంపెనీకిచ్చే ఆ వివరణ ఒకే పేజీ. ‘స్నేహితుల బలవంతం మీద కూర్చున్నాను’ అని నేను రాసుకెళ్లిన వాక్యాన్ని వకీలు గారు పెన్నుతో కొట్టేసి, తేదీ, కేసు నంబరు, జరిమానా, ఆ తరువాత మరే కేసూ లేదన్న సంగతి మాత్రమే ఉంచారు.

లోపాలూ ఉన్నాయి. 3,000 రూపాయల ఫీజు ముందే చెప్పారు గానీ, పుత్తూరు ప్రయాణాల కోసమని గుమస్తా గారు మరో 600 తీసుకొని రసీదు ఇవ్వలేదు. వెళ్లిన ప్రతిసారీ రెండు గంటలకు తక్కువ కాకుండా కూర్చోవలసి వచ్చింది. నకలు రావడానికి 16 రోజులు పట్టింది. కంపెనీ ఇచ్చిన గడువు పది రోజులే కావడంతో, మరో వారం ఇమ్మని ఉత్తరం రాయించుకోవలసి వచ్చింది.

వెరిఫికేషన్ నివేదికలో ఆ కేసు కనిపించనే కనిపించింది. హెచ్‌ఆర్ మేడమ్ దాన్ని నా వివరణ పక్కన పెట్టి, నంబరు, తేదీ సరిచూసుకొని, జరిమానా రసీదు ఉందా అని మాత్రం అడిగారు. ఆ రసీదును మా అమ్మ పట్టాదారు పాసుపుస్తకంలో మడిచి దాచి ఉంచింది. ఈ కార్యాలయానికి వెళ్లేవారు అలాంటి కాగితం ఇంట్లో ఎక్కడుందో ముందే వెతికి, ఫారం నింపకముందే తీసుకెళ్లండి.