పొడుగు కర్ర పొరక: ఆరు నెలల వాడకం తర్వాత

మా అమ్మ తిరుపతిలో పదహారేళ్లుగా వీధులు ఊడుస్తున్నది. తెల్లవారుజామున మస్టరు వేయించుకున్నది మొదలు ఎండ ముదిరేదాకా పొట్టి ఈనెల పొరకతో వంగే ఉంటుంది. నడుము నొప్పితో కూర్చుంటే లేవలేని స్థితి వచ్చాక, బజారులో ఒక దుకాణం నుంచి 5 అడుగుల వెదురు కర్ర బిగించిన పొరకను 220 రూపాయలకు తెచ్చాను.

వంగి ఊడ్చేటప్పుడు పైశరీరపు బరువు నడుము దిగువ డిస్కుల మీద, వెన్ను కండరాల మీద పడుతుంది. దానికి పక్కకు తిరగడం తోడైతే ఒత్తిడి మరింత పెరుగుతుంది. నిటారుగా నిలబడి ఊడ్చే వీలున్న ఈ పొరక ఆ బరువును నిజంగానే తగ్గించింది. కానీ మొదటి వారంలో అమ్మ, "ఇది భుజాలు లాగేస్తా ఉండాది నాయనా, పాతదే నయం" అని దాన్ని మూలన పెట్టింది. తప్పు పొరకది కొంత, మాది కొంత. కర్ర మరీ సన్నం కావడంతో గట్టిగా పట్టాల్సి వచ్చి మణికట్టు నొచ్చేది. చేతులు దూరంగా చాచి ఊడ్చేసరికి భుజం లాగేది. పాత చీర పేలిక చుట్టి పిడిని లావు చేశాం. పై చేతిని ఛాతీ ఎత్తులో ఉంచి, నడుము తిప్పకుండా అడుగు వేస్తూ, అప్పుడప్పుడు చేతులు మార్చుకోవడం అలవాటయ్యాక ఆ బాధ తగ్గింది.

కట్టు నాణ్యత మాత్రం నాసి. నెల తిరగకుండానే తీగ వదులైంది. "వాడినాక మేమేం చేస్తాం" అన్నాడు దుకాణదారు. కార్తీక మాసపు వానల్లో నానితే పొరక బరువెక్కుతుంది. ఎండు ఆకులకు తప్ప తడి చెత్తకు ఇది పనికిరాదు.

కాలువ పూడిక తీసే రోజున ఇదీ అక్కరకు రాదు. ఇరవై లీటర్లు పట్టే తట్ట నిండా తడి బురద నింపితే సుమారు 30 కిలోలు తూగుతుంది. దాన్ని నేల మీంచి లేపి, ఒళ్లు తిప్పి బండిలో పోయాలి. రక్షణ సామగ్రి లేకుండా మనుషులను మురుగు గుంతల్లోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది గానీ, గట్టున తట్ట ఎత్తే నడుము ఎవరి లెక్కలోనూ లేదు. తట్టను సగమే నింపమని నేను చెబితే, మేస్త్రి ఒప్పుకోడని అమ్మ నవ్వింది.

కొనేవారు గుప్పిటికి నిండుగా పట్టే కర్రను, మేకుతో బిగించిన కట్టును చూసి తీసుకోండి. నేను రెండోసారి పొరక విడిగా, కర్ర విడిగా కొని ఇంట్లోనే బిగించాను.