జావాస్క్రిప్ట్ ‘డేట్’: నెల దగ్గరే తిరకాసు

విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. వెబ్ పేజీలకి వాడే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో తేదీ తయారుచేసే ‘న్యూ డేట్’కి సంవత్సరం, నెల, రోజు వరసలో 1979, 6, 1 అని ఇచ్చి చూడండి, జూలై 1 వస్తుంది. నెలల లెక్క సున్నా నుంచి మొదలు; జూన్ కావాలంటే 5 ఇవ్వాలి. రోజుకి మాత్రం మామూలు లెక్కే. ఇదెక్కడి పద్ధతో!

అంతకంటే ప్రమాదం, తప్పు తేదీ ఇచ్చినా నోరెత్తకపోవడం. నవంబరు 31 అంటే ఎర్రర్ రాదు, డిసెంబరు 1 చేసేస్తుంది. అందుకే ఫారంలో నింపిన తేదీతో ‘డేట్’ తయారుచేశాక, అందులోంచి నెల, రోజు మళ్లీ బయటికి తీసి ఇచ్చినవాటితో పోల్చాలి. ఈ గుణంతో ఒక లాభమూ ఉంది: రోజు చోట 0 పెడితే ముందు నెల ఆఖరి రోజు దొరుకుతుంది. ఇంకో తిరకాసు, సంవత్సరం పొట్టిగా 25 అని ఇస్తే 1925 అయిపోతుంది.

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం 2025 అక్టోబరు 7, మంగళవారం. మన టైమ్‌జోన్‌లో ఉన్న కంప్యూటర్‌లో 2025, 9, 7 ఇచ్చి తేదీని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాసిచ్చే ‘టు ఐఎస్‌వో స్ట్రింగ్’ వాడితే 6వ తేదీ 18:30 కనిపిస్తుంది. మన గడియారం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు కదా! సిరిమాను కాస్తా ముందురోజు, తొలేళ్ల నాడే తిరిగేసినట్టు. ‘గెట్ మంత్’, ‘గెట్ డేట్’లతో నెల, రోజు తీసుకుంటే ఈ బాధ లేదు, నెలకి 1 కలపడం మరవకూడదు.

తేదీల కోసం జావాస్క్రిప్ట్‌లో కొత్తగా వచ్చిన ‘టెంపొరల్’ చాలా నయం. దాని ‘ప్లెయిన్ డేట్’లో జూన్ అంటే 6, టైమ్‌జోన్ గొడవే లేదు. అయితే అందులో తేదీ తయారుచేసే ‘ఫ్రమ్’కి సంవత్సరం, నెల, రోజు విడివిడిగా ఇస్తే నవంబరు 31ని చడీచప్పుడు లేకుండా 30కి కుదిస్తుంది, ‘ఓవర్‌ఫ్లో’ అనే ఆప్షన్‌ని ‘రిజెక్ట్’ అని పెడితేనే ఎర్రర్ ఇస్తుంది. పాత బ్రౌజర్లలో ‘టెంపొరల్’ ఉండదు, పాలీఫిల్ (ఆ లోటు పూడ్చే అదనపు కోడ్) పెట్టుకోవాలి.