ఓపెత్: ముందు బ్లాక్‌వాటర్ పార్క్ వినాలా, ఘోస్ట్ రెవరీస్ వినాలా?

ప్రోగ్రెసివ్ డెత్ మెటల్‌లోకి (గర్జించే గొంతుతో, పొడవాటి మెలికల పాటలతో సాగే భారీ రాక్ సంగీతం) కొత్తగా అడుగుపెట్టేవాళ్లు ఈ రెండు ఆల్బమ్‌ల మధ్యే ఆగిపోతారు. రెండూ స్వీడన్ బృందం ఓపెత్‌వే. రెండింటిలోనూ 8 పాటలే, నిడివి 67 నిమిషాల దగ్గర. అంటే సమయం విషయంలో తేడా లేదు.

తయారీ: 2001లో వచ్చిన బ్లాక్‌వాటర్ పార్క్‌కు పోర్క్యుపైన్ ట్రీ అనే రాక్ బృందం సారథి స్టీవెన్ విల్సన్ నిర్మాణంలో తోడయ్యాడు. నాకు అసలు మలుపు అక్కడే కనిపిస్తుంది. గొంతుల మీద గొంతులు పేర్చడం, గిటార్ల వెనక సన్నటి శబ్దాలు పరచడం, పెద్ద మోత మధ్య నిశ్శబ్దానికి చోటివ్వడం: హెడ్‌ఫోన్స్‌లో పదోసారి విన్నా ఏదో ఒకటి కొత్తగా దొరుకుతుంది. 2005 నాటి ఘోస్ట్ రెవరీస్‌లో కీబోర్డు వాద్యకారుడు పెర్ విబెర్గ్ బృంద సభ్యుడిగా చేరాడు. దాంతో 70ల రాక్ రంగు బాగా ఎక్కింది.

శ్రమ: మొదటిది చలిగా, దట్టంగా ఉంటుంది. ఓపిక కావాలి. రెండోది త్వరగా పట్టుకుంటుంది.

రిస్క్: రెండింటిలోనూ బృంద గాయకుడు మికేల్ ఓకర్‌ఫెల్ట్ గర్జనతోనూ పాడతాడు, మామూలు గొంతుతోనూ పాడతాడు. గర్జనంటే భయపడేవాళ్లు బ్లాక్‌వాటర్ పార్క్‌లోని మూడో పాట 'హార్వెస్ట్' ముందు వినండి. అందులో అది అస్సలు లేదు.

మెటల్ ఇప్పటికే అలవాటైతే, ఈ శైలి ఎలా ఎదిగిందో తెలుసుకోవాలంటే, కళ్లు మూసుకుని బ్లాక్‌వాటర్ పార్క్. పాత ప్రోగ్ (ప్రోగ్రెసివ్) రాక్ నుంచి వస్తున్నవాళ్లకు ఘోస్ట్ రెవరీస్.