రామిప్రిలా, టెల్మిసార్టానా? దగ్గు, వాపు వచ్చేవారికి ఏది మేలు

బీపీ మాత్ర మొదలుపెట్టాక పొడిదగ్గు పట్టుకుంటే చాలామంది దుమ్ము వల్లనో చలిగాలి వల్లనో అనుకుని నెలల తరబడి సిరప్పులు తాగుతారు. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి వాడేవారు ముందుగా అనుమానించాల్సింది ఆ మాత్రనే.

అందరూ దీన్ని అలర్జీ అంటారు గానీ, కాదు. బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని విరిచేసే ఎంజైమును ఈ మందులు అడ్డుకుంటాయి. దాంతో బ్రాడీకైనిన్ ఒంట్లో పేరుకుని దగ్గు తెప్పిస్తుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి బీపీ మాత్రలు (సార్టాన్‌లు) ఆ ఎంజైము జోలికి పోవు. అందుకే వాటితో ఈ దగ్గు చాలా తక్కువ.

2008లో వెలువడిన ఆన్‌టార్గెట్ అధ్యయనం రామిప్రిల్, టెల్మిసార్టాన్‌లను నేరుగా పోల్చింది. గుండెపోటు, పక్షవాతం రాకుండా కాపాడటంలో టెల్మిసార్టాన్ రామిప్రిల్‌కు ఏమాత్రం తీసిపోలేదు. దగ్గు వల్ల మందు మానేసినవారు రామిప్రిల్‌తో 4.2 శాతం, టెల్మిసార్టాన్‌తో 1.1 శాతం. బీపీ మరీ పడిపోయి నీరసించడం మాత్రం టెల్మిసార్టాన్‌తో కాస్త ఎక్కువ.

నాకు అసలు భయం వాపు గురించే. పెదవులు, నాలుక, గొంతు ఉబ్బి ఊపిరి ఆడకుండా పోవచ్చు. ప్రిల్ మందులతో (రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి) ఇది వెయ్యిలో కొద్దిమందికే వస్తుంది, కానీ ఏళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా వాడినవారికీ రావచ్చు. సాధారణంగా దురద, దద్దుర్లు ఉండవు కాబట్టి పోల్చుకోవడం కష్టం. దీనికి అలర్జీలో విడుదలయ్యే హిస్టమిన్ కారణం కాదు, అలర్జీ మాత్ర సెట్రిజిన్ వేసుకుని ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి, వాడే మాత్ర పేరు డాక్టరుకు చెప్పండి. ఆ తర్వాత జన్మలో ప్రిల్ మందు ముట్టుకోకూడదు. సార్టాన్ చాలామందికి సరిపడుతుంది, అయినా కొద్దిమందికి వాపు మళ్లీ రావచ్చు. ఆ నిర్ణయం డాక్టరుదే.

అమ్లోడిపిన్ అనే మరో బీపీ మాత్రతో చీలమండలు వాచడం వేరే సంగతి, అదీ అలర్జీ కాదు. మోతాదు తగ్గిస్తే చాలావరకు తగ్గుతుంది.

ప్రిల్ పడుతున్నవారు మార్చుకోనక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవారికీ, దగ్గుతో విసిగినవారికీ నేను టెల్మిసార్టాన్ వైపే మొగ్గుతాను. మారాక దగ్గు సాధారణంగా నాలుగు వారాల్లోపు పోతుంది, కొందరికి మూడు నెలలు కూడా పట్టొచ్చు. సొంతంగా మాత్ర ఆపేయకండి, బీపీ ఎగబాకుతుంది. గర్భిణులకు మాత్రం ప్రిల్, సార్టాన్ రెండు రకాలూ పనికిరావు. పిల్లల కోసం చూస్తున్నవారు డాక్టరుతో ముందే చెప్పి వేరే మందు రాయించుకోవాలి.